బాలగోపాల్ పేరుతో మన దగ్గర ఏటా ఒక రోజు: ఎప్పుడు జరుపుదాం, ఏం చేద్దాం?

లెక్కల సారు (నకిరేకల్), ఆగస్టు 3, రాత్రి 8.40

అందరికీ నమస్కారం. పోయిన వారం దగ్గర్లోని ఒక కాలేజీలో పిల్లలతో నాలుగు మాటలు మాట్లాడమంటే వెళ్లాను. లెక్కల గురించి చెబుతూ మధ్యలో హక్కుల కార్యకర్త కె. బాలగోపాల్ పేరు ఎత్తాను. గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, 1985లో ఆ కొలువు వదిలేసిన మనిషి అని చెప్పాను. ఎక్కడ లాకప్పులో మనిషి చనిపోయినా, ఎక్కడ ఎవరి భూమి పోయినా ఒక సంచీ భుజాన వేసుకుని అక్కడికి వెళ్లి, జరిగింది జరిగినట్టు రాసుకుని వచ్చేవాడని చెప్పాను. వెనక వరుసలో ఒకమ్మాయి లేచి నిలబడింది. "కాళోజీకి సెప్టెంబరు 9 ఉంది. ఐలమ్మకు సెప్టెంబరు 26 ఉంది. ఈయనకు ఏ రోజు సార్?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆయన పుట్టింది 1952 జూన్ 10న. పోయింది 2009 అక్టోబరు 8న, యాభై ఏడేళ్లకే. హైదరాబాదులో ఏటా స్మారక సభ జరుగుతుంది, నేను రెండుసార్లు వెళ్లాను. కాని అది అప్పటికే తెలిసినవాళ్లు వచ్చే సభ. నల్లగొండలో, పాలమూరులో, కందనూలులో (నాగర్‌కర్నూలు) ఆయన పేరు వినని పిల్లల ముందుకు అది రాలేదు. మన ప్రాంతంలో ఏటా ఒక రోజు పెట్టుకుందామా? ఏ రోజు? ఏం చేద్దాం? పెద్దలూ పిల్లలూ అందరూ చెప్పండి.

జొన్నచేను (నల్లగొండ), ఆగస్టు 3, రాత్రి 9.25

మంచి మాట అన్నారు సార్. నా ఓటు జూన్ 10కే. పోయిన రోజున కాదు, పుట్టిన రోజున తలుచుకుందాం. ప్రభుత్వానికి విజ్ఞాపన పత్రం ఇద్దాం, అధికారికంగా జరపమని అడుగుదాం. ప్రభుత్వం జరిపితే కలెక్టరేటులో జరుగుతుంది, బడుల్లో జరుగుతుంది. మనం పదిమందిమి జరిపితే పదిమంది మధ్యే ఆగిపోతుంది.

కందనూలు కుర్రవాడు, ఆగస్టు 3, రాత్రి 10.05

సార్, మీ మీద గౌరవంతోనే ఒక మాట అడుగుతాను. బాలగోపాల్ పుట్టింది బళ్లారిలో, పనిచేసింది ఎక్కువగా వరంగల్లులో, హైదరాబాదులో. మన మట్టిలో పుట్టి హక్కుల కోసం ప్రాణం పెట్టినవాళ్లు లేరా? వాళ్లను దాటి ఆయన దగ్గరికి ఎందుకు వెళ్లాలి? ఇంకో సంగతి. ప్రభుత్వం జరిపే రోజులు ఎలా ఉంటాయో నేను దగ్గరగా చూశాను. ఫొటోకు దండ, రెండు కొబ్బరికాయలు, పదకొండు గంటలకు మొదలై పదకొండున్నరకు ముగింపు. బతికినంత కాలం ప్రభుత్వాలను నిలదీసిన మనిషికి ప్రభుత్వం చేత దండ వేయించడం నా మనసుకు ఎక్కడం లేదు.

మూసీ గట్టు (సూర్యాపేట), ఆగస్టు 4, ఉదయం 6.50

తమ్ముడు మన మట్టి అన్నాడు కాబట్టి బందగీ గురించి చెప్పాలి. షేక్ బందగీది దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెం. ఇప్పుడది జనగామ జిల్లా, అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. కాస్త భూమి ఉన్న చిన్న రైతు. ఆ భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో కోర్టుకెక్కాడు. దొర ఎదుట తలెత్తితేనే తప్పయిన కాలంలో కోర్టు మెట్లెక్కడమే పెద్ద తెగువ, ఆయన గెలిచాడు కూడా. గెలిచినందుకే చంపేశారు. తెలంగాణ సాయుధ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమరయ్య 1946 జులై 4న కడవెండిలో నేలకొరగడానికి కొన్నేళ్ల ముందటి మాట ఇది.

చెప్పదలుచుకున్నది ఏమిటంటే, బందగీ సమాధి దగ్గర ఏటా జాతర జరిగేది. ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. హిందువులూ ముస్లిములూ కలిసి వచ్చేవారు, మొక్కుకునేవారు. మా నాయనమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి మీద వెళ్లిందట. "అక్కడ ఏం మొక్కుకున్నావు?" అని అడిగితే, "మన భూమి మనకు ఉండాలని" అనేది. కోర్టుకు వెళ్లిన మనిషిని జనం దేవుడి పక్కన కూర్చోబెట్టారు. పౌర హక్కుల కోసం ఒక రోజును జనం తమంతట తాము పెట్టుకోవడానికి ఇంతకన్నా ఏం ఉదాహరణ కావాలి? జీవో కోసం ఆగవద్దు.

పాత పటం (మహబూబ్‌నగర్), ఆగస్టు 4, మధ్యాహ్నం 1.30

నేను చరిత్ర పాఠాలు చెబుతాను, కొంచెం పెద్దగా రాస్తున్నందుకు ఏమనుకోవద్దు. జీవో కావాలా వద్దా అన్నది మనకే కొత్తగా వచ్చిన ప్రశ్న కాదు. అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ దినం ఎలా వచ్చిందో చూడండి.

కింగ్‌ను 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో కాల్చి చంపారు. ఆయన అక్కడికి ఎందుకు వెళ్లాడు? ఊరి చెత్త ఎత్తే కార్మికుల సమ్మెకు అండగా నిలవడానికి. ఆ కార్మికులు పట్టుకుని నడిచిన అట్టల మీద ఉన్నది ఒకటే మాట, "నేను మనిషిని" అని. ఆయన చనిపోయిన నాలుగు రోజులకే జాన్ కాన్యర్స్ అనే ప్రతినిధుల సభ సభ్యుడు సెలవు దినం కోసం బిల్లు పెట్టాడు. అది ఏళ్ల తరబడి కదలలేదు. 1979లో ప్రతినిధుల సభలో ఓటింగుకు వస్తే అయిదు ఓట్లు తక్కువై వీగిపోయింది. జనం ఊరుకోలేదు. అరవై లక్షల సంతకాలు సేకరించారు. చివరికి 1983 నవంబరు 2న అధ్యక్షుడు రీగన్ సంతకం పెట్టాడు. మొదటిసారి జరిగింది 1986 జనవరి 20న. అప్పుడు కూడా అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోలేదు, అందరూ దారికి వచ్చేసరికి 2000 వచ్చింది. అంటే ముప్పై రెండేళ్లు.

ఇందులో మనకు పనికొచ్చేవి రెండున్నాయి. కింగ్ పుట్టింది జనవరి 15న, కాని ఆ రోజు జరుపుకునేది జనవరి మూడో సోమవారం. తేదీని పట్టుకుని వేలాడలేదు, జనానికి వీలైన రోజు చూసుకున్నారు. రెండోది, 1994లో దాన్ని సేవా దినంగా కూడా మార్చారు. సెలవంటే ఇంట్లో పడుకోవడం కాదు, నలుగురికీ పనికొచ్చేది చేయాలన్నారు. మనం కూడా తేదీ కన్నా ముందు పని ఏమిటో తేల్చుకుంటే, తేదీ దానంతట అదే దొరుకుతుందని నా నమ్మకం.

జొన్నచేను, ఆగస్టు 4, మధ్యాహ్నం 2.10

ఒప్పుకుంటున్నాను అన్నా. జూన్ 10 అన్నాను గాని మృగశిర పడగానే అందరూ విత్తనాల కోసం తిరుగుతుంటారు. బడులు కూడా తెరిచి ఉండవు.

నల్లమల నీడ (అమ్రాబాద్), ఆగస్టు 4, రాత్రి 11.15

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నానే గాని రాయడం ఇదే మొదటిసారి. కందనూలు తమ్ముడు "ఆయన మనవాడా" అని అడిగాడు. దానికి నా దగ్గర ఒక జవాబు ఉంది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా మేనమామను రాత్రిపూట ఇంట్లోంచి పిలుచుకుపోయారు. పోలీసులకు సమాచారం ఇచ్చాడన్నారు. తెల్లారేసరికి ఊరి బయట శవమై ఉన్నాడు. పిలుచుకుపోయినవాళ్లు అడవిలోని వాళ్లు. ఆ తరవాత ఏడాది తిరగకముందే మా వాడకట్టులోనే ఇంకో కుర్రవాడిని పోలీసులు తీసుకెళ్లారు. ఎన్‌కౌంటర్ అని పేపరులో నాలుగు లైన్లు వచ్చింది. ఆ రెండిళ్ల ఆడవాళ్లు ఒకే చేదబావి దగ్గర నీళ్లు తోడుకునేవారు. మాట్లాడుకునేవారు కాదు. ఒకరు తోడుతుంటే ఇంకొకరు ఆగేవారు. మా అత్త చేద ముట్టుకున్నాక ఆమె దాన్ని కడిగి మళ్లీ వేసేది. అంత కసి.

హక్కుల వాళ్లు అంటే మా ఇంట్లో పడేది కాదు. "పోలీసులు చంపితేనే వస్తారు, మన మనిషి పోతే ఎవరొచ్చారు?" అనేది మా అమ్మ. పెద్దయ్యాక బాలగోపాల్ రాసినవి చదివాను. అదే ప్రశ్న ఆయన హక్కుల సంఘం లోపల ఉండి అడిగాడని అప్పుడు తెలిసింది. రాజ్యం చేసే హింసతో పాటు ఉద్యమం పేరుతో జరిగే హింసను కూడా ప్రశ్నించాలన్నాడు. ఆ వాదన దగ్గరే పౌర హక్కుల సంఘం నుంచి బయటికి వచ్చి, 1998లో మిత్రులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టాడు. ఏళ్ల తరబడి కలిసి నడిచినవాళ్లతో విడిపోవడం చిన్న విషయం కాదు. ఆయన్ను 1989లో పోలీసుల తరఫున పనిచేసే ముఠా ఎత్తుకెళ్లింది. అంత జరిగినా, రెండో వైపు తప్పును తప్పనడానికి ఆయన వెనకాడలేదు.

మా మామ గురించి అడిగే హక్కు మాకు ఉందని చెప్పిన మొదటి మనిషి ఆయన. అందుకే ఆయన మావాడు.

కందనూలు కుర్రవాడు, ఆగస్టు 5, ఉదయం 7.20

అన్నా, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. ఆయన మనవాడా అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. జీవో వద్దన్న మాట మీద మాత్రం ఉన్నాను.

పాత పహాణీ (దేవరకొండ), ఆగస్టు 5, సాయంత్రం 5.45

నేను రెవెన్యూలో ఊరి స్థాయి ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని. మీరందరూ కొత్తగా ఒక హక్కుల రోజు పెట్టాలంటున్నారు. మనకు అలాంటి రోజులు ఏడాదికి పన్నెండు ఇప్పటికే ఉన్నాయని మీలో ఎంతమందికి తెలుసు? ప్రతి నెలా చివర పౌర హక్కుల దినం. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1989 నాటి అట్రాసిటీ చట్టం గురించి చెప్పడానికి తహసీల్దారు, ఎస్సై ఏదో ఒక ఊరికి వెళ్లి దళితవాడలో కూర్చోవాలి. అంటరానితనం ఉందా అని అడగాలి.

నేను అలాంటివి ఎన్నో చూశాను. ఒక్కటి చెబుతాను. వేపచెట్టు కింద పట్టా పరిచాం. అధికారులు వచ్చారు. "గుడిలోకి రానిస్తున్నారా? హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఉందా?" అని అడిగారు. ఎవరూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు, ఆ హోటలు నడిపే ఆయన కూడా అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. సరే, అంతా బాగుందని రాసుకుని లేవబోతుంటే ఒక ముసలమ్మ అంది: "గ్లాసులు ఒకటే సారూ. కాకపోతే మేం తాగినవి మేమే కడిగి పెడతాం."

అధికారులు అప్పటికే జీపు దగ్గరికి నడుస్తున్నారు. ఆమె మాట విన్నది నేను. రిజిస్టరు ఉన్నది నా చేతిలో. "ఫిర్యాదులు ఏమీ లేవు" అన్న వాక్యం కింద ఇంకా మూడు గీతలు ఖాళీగా ఉన్నాయి. నేను రాయలేదు. రాస్తే రేపు మళ్లీ రావాలి, విచారణ చేయాలి, ఆ హోటలు ఆయన మా ఇంటి పక్కవాడు. ఆ ముసలమ్మ నా మొహం వంక చూసి, తన కర్ర పట్టుకుని లేచి వెళ్లిపోయింది. పద్దెనిమిదేళ్లయింది. ఆ మూడు ఖాళీ గీతలు నాకు ఇప్పటికీ కనిపిస్తాయి.

కాబట్టి నా మాట ఇది. రోజు ఏదైనా పెట్టండి. ఆ రోజు జనం చెప్పింది రాసుకునే మనిషి ఒకడు ఉండాలి. బాలగోపాల్ చేసింది అదే గదా. నిజనిర్ధారణ అంటే వెళ్లడం, వినడం, విన్నది విన్నట్టు రాయడం.

లెక్కల సారు, ఆగస్టు 5, రాత్రి 8.15

పాత పహాణీ గారూ, మీరు ఇంత నిజం చెప్పారు, నాకు మాటలు రావడం లేదు. సభ, దండ, ఉపన్యాసం వద్దు. రాసుకునే రోజు పెడదాం. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏం రాయాలి అన్నది చెప్పండి.

ముంబై బస్సు (మక్తల్), ఆగస్టు 6, మధ్యాహ్నం 12.30

నేను చెబుతాను సార్. మా నాన్న గుంపు మేస్త్రీ దగ్గర మట్టిపని చేసినవాడు. నేను ఇప్పుడు ఒక లాయరు గారి దగ్గర జూనియరుగా ఉన్నాను.

పాలమూరు కూలీ అంటే దేశమంతా తెలుసు. డ్యాములు కట్టాం, కాలువలు తవ్వాం, ముంబైలో, పుణెలో మేడలు లేపాం. దసరా అవ్వగానే మేస్త్రీలు ఊళ్లోకి దిగుతారు. అడ్వాన్సు చేతిలో పెడతారు. మేస్త్రీ జేబులో చిన్న పుస్తకం ఉంటుంది. అందులో పేరు, పక్కన అంకె, దాని పక్కన వేలిముద్ర. అందులో మా నాన్న పేరున్న పేజీని నేను ఒకసారి దగ్గరగా చూశాను. ఇచ్చింది ఎనిమిది వేలు. ఎనిమిదికి ముందు ఒకటి చేర్చడానికి చోటు వదిలి రాశారు. నాన్నకు చదువు రాదు, వేలు మాత్రం గట్టిగా నొక్కాడు, సిరా గీతలు స్పష్టంగా ఉన్నాయి. ఏడాది చివర లెక్క చూస్తే బాకీ పద్దెనిమిది వేలు. ఏం చెబుతాం? పుస్తకం ఒకటే, అది మేస్త్రీది. మన దగ్గర కాగితం ముక్క లేదు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం నేరమని అందులో ఉంది. వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఫొటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలని, ఊరు వదిలి వెళుతున్నందుకు నెల కూలిలో సగం విడిగా ఇవ్వాలని, దారి ఖర్చులు ఇవ్వాలని దానిలో రాశారు. మా నాన్న ఇరవై రెండేళ్లు వలస వెళ్లాడు. అలాంటి పుస్తకం ఒక్కటి చూడలేదు.

అందుకే అక్టోబరు అంటున్నాను. జూన్ 10న మా ఊళ్లో వలసపోయినవాళ్లు ఇంకా తిరుగు దారిలో ఉంటారు. అక్టోబరు 8 కొన్ని ఏళ్లు దసరాకు ముందు వస్తుంది, కొన్ని ఏళ్లు తరవాత వస్తుంది. పాత పటం అన్న చెప్పినట్టు తేదీని పట్టుకోవద్దు. దసరా తరవాత వచ్చే మొదటి ఆదివారం పెడదాం. అప్పటికి అందరూ ఊళ్లోనే ఉంటారు, జమ్మి ఆకు ఇంకా ఇంట్లోనే ఉంటుంది, బస్సు ఎక్కరు. ప్రతి ఊరి బస్టాపు దగ్గర ఒక బల్ల వేసుకుని కూర్చుందాం. ఎవరు వెళుతున్నారు, ఏ మేస్త్రీ వెంట, ఏ ఊరికి, ఏం పని, రోజు కూలి ఎంత, అడ్వాన్సు ఎంత. అంకెలు అక్షరాల్లో కూడా రాయాలి. రెండు ప్రతులు, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మన దగ్గర. బాలగోపాల్ దినం అంటే మా ఊళ్లో ఇది.

మూసీ గట్టు, ఆగస్టు 6, మధ్యాహ్నం 1.05

అక్కా, మేస్త్రీలు ఊరుకుంటారా? పేరు రాయించుకున్నవాళ్లను తీసుకుపోం అంటే ఏం చేస్తాం? నష్టపోయేది కూలీయే గదా. మంచి చేయబోయి వాళ్ల పొట్ట కొట్టినట్టు కాకూడదు.

ముంబై బస్సు, ఆగస్టు 6, మధ్యాహ్నం 1.40

అది నిజమైన భయమే అన్నా. ఒక్కరు రాయించుకుంటే పక్కన పెడతారు. ఊరంతా రాయించుకుంటే ఎవరిని పక్కన పెడతారు? మేస్త్రీకి మనుషులు కావాలి. ఇంకో సంగతి, అందరు మేస్త్రీలూ ఒకలాంటి వాళ్లు కారు. పై కాంట్రాక్టరు డబ్బు ఎగ్గొడితే చిన్న మేస్త్రీ కూడా మునుగుతాడు. ఆయన్నూ పిలిచి, ఆయన చెప్పింది కూడా రాద్దాం. పైవాడు ఎంత ఇస్తానన్నాడో అదీ రాద్దాం.

నల్లమల నీడ, ఆగస్టు 6, రాత్రి 10.20

రెండు వైపులా అడిగి రాయడం. దీనికి బాలగోపాల్ పేరు పెట్టడం నూటికి నూరుపాళ్లు తగినది. మా మండలం నుంచి నలుగురం వస్తాం.

పాత పటం, ఆగస్టు 7, ఉదయం 9.00

మొదటి ఏడాది ఎక్కువ ఊళ్లు పెట్టుకోవద్దు. మక్తల్ వైపు మూడు, అమ్రాబాద్ వైపు ఒకటి, దేవరకొండ వైపు ఒకటి. దేవరకొండ తండాల నుంచి కూడా వలసలు ఉన్నాయి కాబట్టి లంబాడీ మాట తెలిసినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి. మా విద్యార్థుల్లో ఇద్దరిని అడుగుతాను.

జొన్నచేను, ఆగస్టు 7, ఉదయం 9.40

నోటుపుస్తకాలు నా వంతు. నల్లగొండలో కార్బను కాగితాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి, నిన్న సాయంత్రం వెళ్లి చూసి వచ్చాను. విజ్ఞాపన పత్రం సంగతి రెండో ఏడాది చూద్దాం. మనం చేసి చూపించాక అడిగితే ఆ మాటకు బరువు ఉంటుంది.

లెక్కల సారు, ఆగస్టు 7, రాత్రి 8.30

పేజీకి గడులు గీశాను. పేరు, వయసు, ఊరు, మేస్త్రీ, వెళ్లే చోటు, పని, రోజు కూలి, అడ్వాన్సు అంకెల్లో, అక్షరాల్లో, తిరిగి వచ్చే నెల. కాలేజీలో ప్రశ్న అడిగిన అమ్మాయికి ఫోనులో చెప్పాను. ఆమె తన స్నేహితురాళ్లతో వస్తానంది. ఇంకేమైనా చేర్చాలా?

ముంబై బస్సు, ఆగస్టు 7, రాత్రి 9.50

మా అమ్మ పక్కన కూర్చుని ఇవన్నీ చదివించుకుంది సార్. ఒక గడి తక్కువైంది అంటోంది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను: "పిల్లలను ఎవరి దగ్గర వదిలి పోతున్నారో అది కూడా రాయండి. నేను వలస పోయిన ఏడాది మా చిన్నదానికి జ్వరం వచ్చింది. అవ్వ దగ్గర ఉంది. మాకు కబురు చెప్పడానికి మేం ఎక్కడున్నామో ఊళ్లో ఎవరికీ తెలియదు."

ఆ చిన్నది మా చెల్లెలు. బతికింది. కాని మా అమ్మకు తెలిసేసరికి నెల దాటింది.

లెక్కల సారు, ఆగస్టు 7, రాత్రి 10.05

గడి చేర్చానమ్మా. పేరు తరవాత వెంటనే అదే పెట్టాను.

పాత పహాణీ, ఆగస్టు 8, ఉదయం 5.30

దేవరకొండ వైపు బల్ల దగ్గర రాసే పని నాకు ఇవ్వండి. చేతిరాత ఇంకా బాగానే ఉంది. ఎన్ని గంటలకు రావాలో చెబితే అంతకు ముందే వస్తాను.